పేనుబంక అండనాళికలో ముప్పై రెండు లేవు

జూన్ మొదటి సోమవారం ఉదయం పదకొండు గంటలకు, అమలాపురంలో మా కాలేజీ జంతుశాస్త్ర విభాగం వెనక గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: ప్రొఫెసర్ రూత్ మేడం, ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సునీత, ల్యాబ్ టెక్నీషియన్నయిన నేను. ఉన్న వస్తువులు: చేత్తో తిప్పి పలచటి ముక్కలు కోసే మైక్రోటోమ్ ఒకటి, మైనం కరిగించే ఓవెన్ ఒకటి, మైక్రోస్కోపు ఒకటి, నలభై స్లైడ్లున్న చెక్క పెట్టె ఒకటి, నా చేతిరాతతో నిండిన రిజిస్టరు ఒకటి, నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఒకటి. కాగితం మీద మేడం సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

మేడం రిజిస్టరు మూసి నా వైపు జరిపారు.

"ముప్పై రెండని రాయి సుధీర్."

నేను రాయలేదు. ఆ నెలాఖరుకు నా ఉద్యోగం పోయింది. పదకొండేళ్లు చేసిన పని. ముప్పై నాలుగేళ్లకు రిటైరయ్యానంటే మావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ పనికి మళ్లీ వెళ్లను, కాబట్టి ఆ మాట వాడుకునే హక్కు నాకుంది. మైక్రోటోమ్ ముందు కూర్చోబోతున్న పిల్లలకు ఈ పని అసలు ఏమిటో ఎవరూ చెప్పరు. నేను చెబుతాను.

పురుగు గురించి, ముందుగా

పేనుబంక అందరికీ తెలుసు. అరటి మొవ్వు దగ్గర, ఆకుతొడిమ మడతల్లో నల్లగా గుంపులుగా ఉంటుంది. చీమలు చుట్టూ తిరుగుతుంటాయి. కొత్తపేట దగ్గర ఒక అరటి తోటలో మేం వాటిని కుంచెతో సీసాలోకి దులుపుతుంటే తోట రైతు వచ్చి నిలబడ్డారు.

"మందు కొట్టడానికొచ్చేరా అండీ?"

"కాదండీ. కోసి చూడ్డానికి."

"ఏం కోస్తారండీ, నలకంతుంది?"

"అండాశయమండీ."

ఆయన సీసాలోకి తొంగి చూశారు. "మగపురుగు ఎక్కడుందండీ ఇందులో?"

"లేదండీ. ఇవి మగది లేకుండానే కంటాయి. గుడ్డు కూడా పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి."

"ఆయ్. అందుకే ఇన్నున్నాయి." ఆయన వెళ్లబోతూ ఆగారు. "మరి కోసి చూస్తే మా తోటకేంటండీ లాభం?"

ఏమీ లేదని చెప్పాను. ఆ రోజు సిగ్గుపడుతూ చెప్పాను. ఇప్పుడైతే తలెత్తుకుని చెబుతాను. తోటకు లాభం చూసే ఆఫీసులు వేరే ఉన్నాయి. మా గదిలో పని ఒక పురుగు లోపల ఎలా ఉందో ఉన్నదున్నట్టు చూడడం. అది చాలదనే వాళ్లు ఈ పనిలోకి రావద్దు.

పేనుబంకల వంశంలో పాత శాఖ ఒకటుంది. ఉత్తరాది కొండల్లో, సూదుల్లాంటి ఆకులుండే ఫర్ చెట్ల మీద, తెల్లటి దూదిలాంటి మైనం కప్పుకుని ఉంటాయి. ఇవి పిల్లల్ని కనవు. ఏ తరమైనా గుడ్లే పెడుతుంది. అందుకే వీటిని ఆదిమ పేనుబంకలంటారు. అక్కడి అటవీ కళాశాలలో మేడం స్నేహితురాలు ఒకావిడ వాటిని కుళ్లకుండా పసుపు రంగు ద్రావణంలో ముంచి, ఆల్కహాలు పోసిన చిన్న సీసాల్లో పంపేవారు. కొండ పురుగు అండాశయాన్ని మా అరటి పురుగు అండాశయంతో పోల్చడమే సునీత థీసిస్.

అండాశయంలో కొన్ని నాళికలుంటాయి. ఒక్కో నాళికకు పైన గుండ్రటి గది, కింద పొడవాటి గది. పై గదిలో పోషక కణాలు, ఇంకా పెరగని అండకణాలు కలిసి ఉంటాయి. వాటి మధ్యలో కణాలు లేని చోటు ఒకటి ఉంటుంది. ప్రతి పోషక కణం అందులోకి ఒక చెయ్యి చాపి తిండి పోస్తుంది. అక్కడి నుంచి తాడులాంటి సన్నటి దారి కింది గదిలోకి, పెరుగుతున్న గుడ్డు దాకా వెళుతుంది. గుడ్డు చుట్టూ ఒకే ఒక్క వరసలో పుటిక కణాలు. గుడ్డు పెట్టే కొండ పురుగులో ఈ గుడ్డు పచ్చసొన నింపుకుని, పెంకు కట్టుకుని బయటికొస్తుంది. పిల్లల్ని కనే అరటి పురుగులో సొన దశకు వెళ్లకముందే పిండం మొదలైపోతుంది.

పోషక కణాలూ అండకణాలూ అక్కచెల్లెళ్లే. ఒకే తల్లి కణం రెండై, నాలుగై, ఎనిమిదై, పదహారై, ముప్పై రెండవుతుంది. వాటిలో కొన్ని గుడ్లవుతాయి, మిగతావి వాటికి తిండి పెట్టి అరిగిపోతాయి. అన్నీ ఒకేసారి రెండేసి చీలుతాయి కాబట్టి లెక్క ముప్పై రెండు దగ్గర ఆగుతుంది. మేడం ఈ బొమ్మను బోర్డు మీద రంగు సుద్దలతో ఎంత అందంగా వేసేవారంటే, పిల్లలు చెరపనిచ్చేవారు కాదు.

మైనం, మే నెల

నలకంత పురుగును మైనంలో పొదిగి, మిల్లీమీటరులో రెండు వందలో వంతు మందంతో ముక్కలు కోయాలి. ముక్కలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రిబ్బన్‌లా వస్తాయి. పుస్తకంలో అలా ఉంటుంది. మే నెలలో కోనసీమలో అలా ఉండదు. మైనం మెత్తబడి ముక్కలు కత్తికి అతుక్కుపోతాయి. గాలిలో తేమకు రిబ్బన్ ముడుచుకుపోతుంది.

మా గదికి ఏసీ లేదు. నేను వారానికి మూడుసార్లు ముమ్మిడివరం వెళ్లి, రొయ్యలు ప్యాక్ చేసే షెడ్డు నుంచి నలిపిన ఐసు థర్మోకోల్ పెట్టెలో తెచ్చేవాణ్ని. మైనం దిమ్మలను అందులో పూడ్చి, ఒక్కోటి బయటికి తీసి పది ముక్కలు కోసి మళ్లీ పూడ్చేవాణ్ని. షెడ్డు సూపర్‌వైజరు మొదటిసారి అడిగాడు.

"రొయ్యల్లేకుండా వట్టి ఐసేం చేసుకుంటారండీ?"

"పేనుబంకలకండీ."

"వాటిక్కూడా ఆర్డర్లొస్తన్నాయా అండీ? మాక్కూడా చెప్పండి."

నెల తర్వాత వాళ్లు అడగడం మానేశారు. ల్యాబు మాత్రం రొయ్యల కంపు కొట్టేది. డిగ్రీ పిల్లలు మా గదిని రొయ్యల చెరువనేవారు. కానీ ఆ మే నెలలో మా రిబ్బన్ తెగలేదు. పరికరం లేదని కూర్చోకండి. మీ ఊళ్లో చల్లగా ఉన్నదేదో కనుక్కోండి.

ఒక తప్పు, ఆ తర్వాత ఇంకోటి

కొండల నుంచి వచ్చిన సీసాలకు మొదటి ఏడాది బాల్‌పెన్నుతో చీటీలు రాసి అంటించాను. ఆల్కహాలు చెమ్మకు రెండు చీటీలు మాసిపోయాయి. ఏ సీసా వసంతకాలపు తరమో, ఏది వేసవి తరమో తెలియలేదు. ఊహించి రాసెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆలోచించి మేడానికి చెప్పాను. ఆమె రెండు సీసాలూ తీసి సింకు పక్కన పెట్టారు.

"పారబొయ్యి. మళ్ళీ తెప్పించుకుందాం. ఇకమీదట పెన్సిల్‌తో రాసి చీటీ సీసా లోపల వెయ్యి."

అంతే. తిట్టలేదు. ఏడాది శ్రమ పోయినా నా తప్పును ఎవరి దగ్గరా ఎత్తలేదు. రూత్ మేడం గురించి ఇది కూడా రాయాలి. చేలల్లో కూలికి వెళ్లిన మామ్మ పెంచిన మనవరాలు ఆమె. వాళ్ల ఇంట్లో మొదటి డాక్టరేటు. మా గది గోడ మీద ఆమె చేత్తో రాసిన మాట ఒకటే ఉండేది: చూసింది రాయి, అనుకున్నది రాయకు.

రెండో తప్పు లెక్కలో. అరటి పురుగు నాళికలో కణాలు లెక్కపెట్టమంటే ఎనభై నాలుగని రాశాను. మేడం కళ్లజోడు తీసేశారు.

"ఎనభై నాలుగా? ఇది అండాశయమా, తిరునాళ్లా?"

నా తప్పేమిటో చూపించారు. ఒక్కో కణం కేంద్రకం ఒక ముక్క కంటే మందంగా ఉంటుంది. అది రెండు ముక్కల్లో, ఒక్కోసారి మూడింటిలో కనబడుతుంది. నేను కనబడిన ప్రతిసారీ లెక్కపెట్టాను. తప్పు తెలిసింది కానీ దాన్ని ఎలా తప్పించాలో నాకు తెలియలేదు. ఒక ముక్కలో ఉన్న కేంద్రకం పక్క ముక్కలో ఉన్నదేనా, వేరేదా?

పెద్దమ్మ లెక్క

ఆ ఆదివారం రాజోలులో మా మరియమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది. అల్లిన పట్టీని మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుని, లేసు కొనే ఏజెంటును తిడుతోంది.

"మడత మీద మడత తీసి పువ్వులు లెక్కెడతాడ్రా. మడత దగ్గర పువ్వు అటూ కనబడుద్ది, ఇటూ కనబడుద్ది. ఎప్పుడూ నాలుగెక్కువ చెబుతాడు, పిచ్చి మొహం."

"ఎక్కువ చెబితే నీకు మంచిదేగా పెద్దమ్మా?"

"ఏం మంచిది? అక్కడెవరో మళ్ళీ లెక్కెట్టి తక్కువొచ్చేయంటారు. అప్పుడు నా మీద పడతాడు."

"మరి నువ్వెలా లెక్కెడతావు?"

ఆమె ఒక పువ్వును తిప్పి వెనక వేలు పెట్టి చూపించింది. "మొదలెట్టిన ముడి ఒక్కటే ఉంటాది నాన్నా ప్రతి పువ్వుకీ. నేను ముడులు లెక్కెడతాను. పువ్వు ఎన్ని మడతల్లోకి పాకితే నాకేంటి?"

సోమవారం ఆ పద్ధతే మొదలుపెట్టాను. ప్రతి ముక్కనూ ట్రేసింగ్ కాగితం మీద గీసుకున్నాను. ఒక కాగితాన్ని దాని ముందు కాగితం మీద పెట్టి, కొత్తగా మొదలైన కేంద్రకాన్ని మాత్రమే ఎర్ర పెన్సిల్‌తో చుట్టాను. ముందు ముక్కలో అదే చోట ఉన్నదాన్ని వదిలేశాను. చివర్లో ఎర్ర చుట్లు మాత్రం లెక్కపెట్టాను. ముప్పై రెండు. ఇంకో నాళిక తీశాను. అదీ ముప్పై రెండే.

మేడం రెండు గంటలు కూర్చుని నా కాగితాలన్నీ తిరగేశారు. మెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు. "మీ పెద్దమ్మగారికి మైక్రోస్కోపు ఇప్పించాల్సింది" అన్నారు. ఆ తర్వాత మా గదిలో ఆ పద్ధతి పేరు పెద్దమ్మ లెక్క. సునీత తన నోట్సులో కూడా అలాగే రాసుకుంది.

ముప్పై రెండు

కొండ పురుగు మొదటి నాళికలో నలభై ఏడొచ్చాయి. నాది తప్పనుకున్నాను. మళ్లీ గీశాను. నలభై ఏడే. అదే పురుగులో పక్క నాళికలో యాభై ఎనిమిది. ఇంకో పురుగులో యాభై మూడు. ఏ రెండు నాళికలూ ఒకలా లేవు. ఒక్కటీ ముప్పై రెండు కాలేదు. పద్ధతి చెడిందేమోనని మధ్యమధ్యలో అరటి పురుగు స్లైడు పెట్టి సరిచూశాను. దాంట్లో ముప్పై రెండే వస్తోంది. సునీతకు స్లైడు నంబర్లు దాచి ఇచ్చి విడిగా లెక్కపెట్టమన్నాను. ఆమెవి నావాటికి ఒకటి రెండు తేడాలో వచ్చాయి.

నాకర్థమైంది ఇంతే: పాత శాఖలో ఆ అక్కచెల్లెళ్లు అందరూ ఒకేసారి చీలడం లేదు. కొన్ని ముందు ఆగిపోతున్నాయి, కొన్ని ఇంకా చీలుతున్నాయి. ఒకేసారి చీలే క్రమశిక్షణ తర్వాతి శాఖల్లో వచ్చింది. ఈ పురుగుకు రెండో ఎక్కం రాదు.

మేలో రాసిచ్చాను. జూన్ వరకు మేడం మాట్లాడలేదు. అప్పటికి థీసిస్ ఇవ్వడానికి ఆరు వారాలుంది. సోమవారం పొద్దున్న పిలిచారు.

"ఎనభై నాలుగు గుర్తుందా సుధీర్?"

"గుర్తుందండీ."

"మళ్ళీ అదే చేసేవు."

"లేదండీ. అరటి పురుగులో అదే పద్ధతికి ముప్పై రెండొస్తన్నాయి కదండీ."

"కొండ పురుగులో కేంద్రకాలు పెద్దవి. నీకు ముక్కలు కలవట్లేదు. నేను ముప్పై ఏళ్ల నుంచి పాఠం చెబుతున్నాను."

"పాఠంలో ఉన్నది వేరే పురుగండీ."

సునీత నేల చూపులు చూస్తోంది. మేడం గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. అది ఎక్కువ భయం.

"ఈ పిల్ల నాలుగేళ్ల కష్టం నీ ఎర్ర చుట్ల మీద పెట్టమంటావా? ముప్పై రెండంటే ఎవరూ ఏమీ అడగరు. యాభై మూడంటే ప్రతివాడూ అడుగుతాడు. ముప్పై రెండని రాయి సుధీర్."

"మీరే ఒక స్లైడు తీసి లెక్కెట్టండి మేడం. నేను బయట నిలబడతాను."

"నాకు పరీక్ష పెడుతున్నావా?"

"గోడ మీద మీరే రాసేరు కదండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని చాలామంది చెప్పారు. నేను మళ్లీ అంటాను. మేడం కాంట్రాక్టు కాగితం మడిచి తన సంచిలో పెట్టుకున్నారు. "ఇంటికెళ్లి ఆలోచించుకో" అన్నారు.

చెడ్డ అధికారికి ఎదురు చెప్పడం సులభం. మనల్ని తీర్చిదిద్దిన మనిషికి, మన తప్పును కడుపులో పెట్టుకున్న మనిషికి ఎదురు చెప్పడమే కష్టం. ఆమె అబద్ధం రాయమంటున్నానని అనుకోవడం లేదు. నన్ను తప్పు నుంచి కాపాడుతున్నానని అనుకుంటున్నారు. అలాంటప్పుడు మీ దగ్గర ఉండాల్సింది ధైర్యం ఒక్కటే కాదు, ట్రేసింగ్ కాగితాల కట్ట కూడా. అది లేకపోతే నోరెత్తకండి. ఉంటే దించకండి.

ఆ నెలంతా రోజూ వెళ్లాను. మేడం ఆ విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చివరి రోజు ప్రతి నాళిక లెక్కనూ రిజిస్టరులో సిరాతో మళ్లీ రాసి, పేజీ పేజీకీ సంతకం చేశాను. కాగితాల కట్టలకు నంబర్లేసి బీరువాలో పెట్టాను. కత్తికి నూనె రాశాను. తాళాలు సునీత చేతికిచ్చాను.

"మరి నేనేం రాయాలి అన్నయ్యా?" అంది.

"నీ లెక్కలు నీ దగ్గరున్నాయి. నన్నడక్కు."

ఆ తర్వాత

ఇప్పుడు ముమ్మిడివరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబులో ఉన్నాను. పని బాగానే ఉంది. చెరువు రైతులు ఏ సంఖ్య చెప్పినా వాదిస్తారు. నాకు అలవాటే.

జూలైలో సునీత థీసిస్ పట్టిక తీసుకుని మేడం ఇంటికి వెళ్లిందట. ముప్పై రెండు రాయాల్సిన గడులన్నీ ఖాళీగా వదిలేసింది. మేడం ఇదేంటని అడిగితే ఒకటే ప్రశ్న వేసింది: "ఎగ్జామినరు గారు ఒక స్లైడు చూపించమంటే ఏది చూపించమంటారండీ?" మేడం థీసిస్ గడువు రెండు నెలలు పొడిగించమని యూనివర్సిటీకి ఉత్తరం రాశారు. మర్నాటి నుంచి వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. పలకరింపులేమీ లేవు.

"ఏడో దిమ్మ, మూడో నాళిక. నీకెంతొచ్చింది?"

"రిజిస్టరులో ఉందండీ."

"రిజిస్టరు తెరవలేదు. తెరవకుండా పన్నెండు రోజులు గీసేను. చెప్పు."

"ముందు మీరు చెప్పండి మేడం."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది.

"పొగరు తగ్గలేదు నీకు."

"ఆయ్."

ఆమె చెప్పారు. నేనూ చెప్పాను. ఒకటి తేడా. ఆ ఒక్కటీ నాళిక కొనలో, అన్నిటికంటే చిన్నగా ఉన్న కేంద్రకం. అది నాళికను పైనుంచి కప్పే తొడుగు కణం, అండాశయపు అక్కచెల్లెళ్లలోది కాదని ఆమె వాదన. దానికి పై గది మధ్యలోని ఖాళీ చోటులోకి చాపిన చెయ్యి ఉంది, పదహారో ముక్కలో చూడమని నా వాదన. పావుగంట వాదించుకున్నాం. కాంట్రాక్టు కాగితం మీద సంతకం చేసి పెట్టానని, వచ్చి తీసుకోమని చివర్లో అన్నారు. రానని చెప్పాను. కోపంతో కాదు. నా లెక్క మీద సంతకం నేను చేసేశాను, ఇంకొకరి సంతకం అవసరమైన కుర్చీలో మళ్లీ కూర్చోలేను.

సునీత థీసిస్ ఇచ్చేసింది. ప్రతి నాళికా విడివిడిగా పట్టికలో ఉంది. ముప్పై రెండు అనే అంకె అరటి పురుగు గడుల్లో తప్ప ఎక్కడా లేదు. ఏడో దిమ్మ, మూడో నాళిక ఎదురుగా మేడం లెక్కే వేశారు: యాభై రెండు.

నా లెక్క యాభై మూడు.